బూట్లు లేని కాళ్ల కథ: లండన్ 1948 నుంచి జకార్తా 1962 దాకా

పోస్టు చానా పెద్దది. రాత్రి అన్నాలు తిన్నాక తీరిగ్గా చదవండి.

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి 107 పతకాలొచ్చాయి. 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు. అంతకుముందెన్నడూ వంద దాటింది లేదు. అందులో మన తెలుగు ఆడబిడ్డలవీ ఉన్నాయి. వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో 3 స్వర్ణాలు తెచ్చింది. యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం, అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చారు. అవన్నీ అందరం షేర్ చేసుకున్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం.

అవే క్రీడల్లో మన మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఏం చేసిందో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. చైనా చేతిలో 5-1తో ఓడింది. బంగ్లాదేశ్ మీద 1-0తో గెలిచింది. మయన్మార్‌తో 1-1 డ్రా చేసుకుంది. ఆ తర్వాత సౌదీ అరేబియా చేతిలో 2-0తో ఓడి ఇంటికొచ్చింది. ఫుట్‌బాల్‌లో ఇండియా అంటే ఇంతేలే అని మన పిల్లోళ్లు కూడా అనేస్తుంటారు.

ఇంతే కాదు. ఇదే ఆటలో మన దేశం రెండుసార్లు ఆసియా స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. ఒలింపిక్స్‌కి పోయిన మొదటి భారత ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్ ఒక గిరిజనుడు. ఆ తర్వాత ఆ జట్టుని పైకి తెచ్చిన కోచ్ హైదరాబాదులో ఒక బడిపంతులు. ఈ రెండు సంగతులూ మా పాఠ్యపుస్తకాల్లో మాకు కనపళ్లేదు. అందుకే రాస్తున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ జట్టు గురించి ఎవరు చెప్పినా ఒక్క మాటే చెప్తారు: బూట్లు లేకుండా ఆడారు. మన గురించి కూడా జనం చెప్పేది ఆ మాటే. "కాలికి చెప్పుల్లేకుండా ఎంత బాగా పరిగెత్తాడో చూడండి" అంటారు. అది పొగడ్తలాగా వినపడుతుంది. నిజంగా పొగడ్తేనా కాదా అన్నది ఈ చరిత్ర చూస్తే తెలుస్తుందని మా ఉద్దేశం.

ముందు ఇద్దరు గిరిజన కెప్టెన్లు

ఫుట్‌బాల్ కంటే ముందు హాకీ. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి పోయిన భారత హాకీ జట్టుకి కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఖుంటీ ప్రాంతం ఆయనది, ముండా తెగ. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా ఐదు మ్యాచ్‌లు ఆడి 29 గోల్స్ కొట్టింది, ఒక్కటి కూడా ఇవ్వలేదు. జట్టులో గొడవల వల్ల జైపాల్ సింగ్ ఫైనల్ ఆడలేదు. కానీ దేశానికి మొదటి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టుకి కెప్టెన్‌గా చరిత్రలో ఉన్నది ఆయన పేరే. తర్వాత ఆదివాసీ మహాసభకు నాయకుడయ్యాడు, రాజ్యాంగ సభలో మన తరఫున గట్టిగా మాట్లాడాడు. ఆయన సంగతి మన గ్రూపులో చాలామందికి తెలుసు.

ఆయన తర్వాత సరిగ్గా 20 ఏళ్లకి ఇంకో గిరిజన కెప్టెన్ వచ్చాడు. డాక్టర్ తాలిమెరెన్ ఆవో. నాగాలాండ్ కొండల్లోని చాంగ్‌కీ ఊరు, ఆవో నాగా తెగ. 1918లో పుట్టాడు. ఆయన తండ్రి చనిపోయే ముందు కొడుకుని డాక్టర్ చదవమని కోరాడని చెప్తారు. ఆ మాట కోసం కొండల్లో నుంచి గువాహటికీ, అక్కణ్ణుంచి కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీకీ చేరాడు. చదువుకుంటూనే మోహన్ బగాన్ జట్టులో ఆడి దానికి కెప్టెన్ కూడా అయ్యాడు.

1948లో లండన్ ఒలింపిక్స్. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. కొత్త దేశం, కొత్త జెండా. ఆ జెండా పట్టుకుని ప్రారంభోత్సవంలో ముందు నడిచింది తాలిమెరెన్ ఆవో. కొండ ఊళ్లో పుట్టిన గిరిజన బిడ్డ, ఎంబీబీఎస్ ఇంకా పూర్తి కాని విద్యార్థి. మన హాస్టల్ పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకున్నా చాలు.

జులై 31న ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. మన జట్టులో ఎక్కువ మంది ఒట్టి కాళ్లతో, కొందరు పాదాలకు గుడ్డ కట్టు చుట్టుకుని దిగారు. మొదట ఫ్రాన్స్ ఒక గోల్ కొట్టింది. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. మనకి రెండు పెనాల్టీ కిక్‌లు వచ్చాయి, రెండూ పోయాయి. ఆట అయిపోవచ్చినప్పుడు ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. ఓడినా లండన్ జనం చప్పట్లు కొట్టారు. బూట్లు ఎందుకు వేసుకోలేదని అడిగితే, మేం ఆడేది కాలితో, మీరాడేది బూటుతో అనే అర్థం వచ్చేట్టు ఆవో జవాబు చెప్పాడని ఇప్పటికీ ప్రచారంలో ఉంది.

ఆ జవాబులో రోషం ఉంది. 200 ఏళ్లు ఏలిన వాళ్ల ఊళ్లో నిలబడి, తలొంచకుండా చెప్పిన జవాబు అది. మాక్కూడా గర్వంగానే ఉంటుంది. కానీ ఆ రోషం మీదే జట్టు ఎంతకాలం ఆడగలదు? దానికి జవాబు నాలుగేళ్లలోనే దొరికింది.

ప్రపంచకప్‌కి పోనిది బూట్ల వల్లేనా?

మధ్యలో 1950 సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆ ఏడు బ్రెజిల్‌లో ప్రపంచకప్. మన గ్రూపులోని మిగతా దేశాలు తప్పుకోవడంతో ఇండియాకి ఊరికే చోటొచ్చింది. కానీ మన జట్టు పోలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారు, అందుకే పోలేదు అని ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో వందల వీడియోలున్నాయి.

ఆ రోజుల్లో ఆడిన శైలేన్ మన్నా లాంటి వాళ్లే అది అసలు కారణం కాదని తర్వాత చెప్పారు. అప్పట్లో మన ఫుట్‌బాల్ పెద్దలకి ఒలింపిక్స్ అంటేనే గొప్ప, ప్రపంచకప్ విలువ తెలియలేదు. ఓడలో అంత దూరం పోవాలి, సాధన చాలదు, జట్టు ఎంపికలో తకరారులు. పోకూడదని నిర్ణయించింది ఆఫీసుల్లో కూర్చున్న పెద్దలు. నింద మాత్రం ఆటగాళ్ల కాళ్ల మీద పడింది.

మనకి ఇది కొత్త కాదు కదా. బడి మానేసిన మన పిల్లోడి గురించి "వాళ్లకి చదువు మీద ఆసక్తి లేదు" అంటారు. బడి ఎంత దూరంలో ఉంది, వర్షాకాలంలో దారి ఉందా, రొయ్యల గుంటల కాడికి కాపలాకి పోయిన అమ్మానాయనా ఆ పిల్లోణ్ణి ఎవరి కాడ వదిలిపెట్టాలి, ఇవేవీ అడగరు. పెద్దలు చేసిన నిర్ణయం చిన్నోళ్ల అలవాటుగా చరిత్రకెక్కుతుంది.

ఢిల్లీలో స్వర్ణం, హెల్సింకీలో పది గోల్స్

1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. మన్నా కెప్టెన్, సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. ఇండోనేషియాని, అఫ్ఘానిస్తాన్‌ని ఓడించి ఫైనల్‌కి వచ్చారు. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇరాన్ మీద 1-0తో గెలిచారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ మొదటి స్వర్ణం మనదే.

ఆ తర్వాతి ఏడాది, 1952 జులైలో, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్స్. ఢిల్లీ ఎండలో, ఎండిన నేల మీద గెలిచిన జట్టు, చలిలో, తడి గడ్డి మీద యుగోస్లావియా ముందు నిలబడింది. ఎక్కువ మంది కాళ్లకు అప్పటికీ బూట్లు లేవు. ఫలితం 10-1. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది.

ఈ పది గోల్స్ గురించి కాస్త ఆలోచించాలి. మా మైపాడు ఇసుకలో ఎవరైనా బూట్లేసుకుని ఆడితే వాడే పడతాడు. ఇసుక బూటుని లాగేస్తది. అక్కడ ఒట్టి కాలే రాజు. మా కాలనీ పిల్లోళ్లు ప్లాస్టిక్ కవర్లు చుట్టి తాడేసి కట్టిన బంతితో సముద్రం ఒడ్డున ఆడుతుంటే చూడాలి, ఊళ్లో పట్టపోళ్ల పిల్లోళ్లు కూడా వాళ్ల కాలి కింద నుంచి బంతి తియ్యలేరు. అదే పిల్లోళ్లు టోర్నమెంటుకి నెల్లూరు గ్రౌండుకి వస్తే పల్లేరు ముళ్లు, గట్టి నేల, అవతల జట్టువాళ్ల స్టడ్స్. పది నిమిషాలకి ఒకడు కాలు పట్టుకుని కూర్చుంటాడు. ఆట మర్చిపోయారా? లేదు. నేల మారింది.

హెల్సింకీలో జరిగింది కూడా ఇదే. మన వాళ్ల ఆట చెడిపోలేదు, వాళ్లు నిలబడ్డ నేల మారింది. దీని తర్వాతే మన ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. అంటే ఒట్టి కాళ్ల గొప్పతనం గురించి అన్నాళ్లు చెప్పినవాళ్లే, పది గోల్స్ పడ్డాక ఒక్క కాగితంతో దాన్ని తీసేశారు.

ఇంకో మాట. ఆ 1952లోనే ఆగస్టు 31న, హెల్సింకీ మ్యాచ్ అయిన నెలన్నరకి, నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన ఆ చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాతుల్లో మా నెల్లూరు వైపు యానాదులు కొందరు కూడా ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్లు ఆ ముద్ర చెరపడానికి ఏళ్ల తరబడి పని చేశారు. ఢిల్లీలో దేశం స్వర్ణం గెలిచిన రోజుకి ఆ చట్టం పుస్తకాల్లో ఇంకా బతికే ఉంది. క్రీడల చరిత్ర, మన చరిత్ర వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి కాబట్టి ఈ రెండు తేదీలూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. మనమే చూడాలి.

పంతులుగారి పద్ధతి

ఇప్పుడు రహీం సాబ్ దగ్గరికి వద్దాం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో డిగ్రీ చదివాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బళ్లలో పాఠాలు చెప్పాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా చాలా ఏళ్లు పని చేశాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాక ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ తెచ్చింది. కలకత్తా, బొంబాయి పెద్ద క్లబ్బుల ముందు మన పోలీసు జట్టు అన్నమాట.

పంతులు కాబట్టి ఆటని కూడా పాఠంలాగే చెప్పేవాడని ఆయన శిష్యులు చెప్పారు. కుడి కాలు బాగా ఆడేవాడికి ఎడమ కాలితో మాత్రమే ఆడాలని పోటీ పెట్టేవాడు. బంతిని ఒక్కడే లాక్కుపోకుండా వెంటనే పాస్ ఇచ్చి తీరాలని ఇంకో రకం పోటీ. ఐదుగురేసి ఆడే చిన్న ఆటలు. ఎవరిలో ఏది బలహీనమో దానికే పరీక్ష పెట్టేవాడు. మనకి ఇంగ్లీషు రాదని ఇంగ్లీషు క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాం చూడండి, ఆయన ఉంటే ముందు బెంచీలోకి లాగి మన చేతే చదివించేవాడు అనుకుంటాం మేం.

తులసీదాస్ బలరామ్ సంగతి చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు, పేద కుటుంబం. చిన్నప్పుడు బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర బూట్లు చేయించుకున్నానని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రహీం ఈ పిల్లోడి ఆట చూసి శిక్షణకి రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి రోజూ అంత దూరం వచ్చేదానికి డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకి రహీం తన జేబులోంచి రోజుకో రూపాయి ఇచ్చాడని కూడా బలరామే చెప్పాడు.

ఈ రూపాయి దగ్గర కాసేపు ఆగండి. బలరామ్‌కి ఆట పుట్టుకతో వచ్చిందే అనుకుందాం. ఆ సైకిల్ అద్దె రాకపోతే ఆ ఆట అమ్ముగూడలోనే ఉండిపోయేది. 20 ఏళ్లకి ఒలింపిక్స్‌కి పోయిన మనిషికీ, ఊళ్లో కూలికి పోయే మనిషికీ మధ్య తేడా రోజుకో రూపాయి.

మెల్‌బోర్న్ 1956

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా నెల్లూరు, రహీం హైదరాబాదు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాతో తలపడింది. మొదటి మ్యాచ్ హంగరీతో ఆడాల్సింది. ఆ దేశంలో తిరుగుబాటు, రష్యా సైన్యం దిగడం, ఆ గందరగోళంలో హంగరీ ఫుట్‌బాల్ నుంచి తప్పుకుంది. కాబట్టి మనకి నేరుగా క్వార్టర్ ఫైనల్.

జట్టు కెప్టెన్ కలకత్తా సమర్ బెనర్జీ. అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, వీళ్లంతా హైదరాబాదు మట్టిలో పెరిగిన ఆటగాళ్లు. ఒక్క ఊరి నుంచి దేశం జట్టుకి ఇంతమంది. ఈసారి అందరి కాళ్లకీ బూట్లున్నాయి.

రహీం హంగరీ జట్టు ఆటని బాగా చదివినవాడు. ముందు వరసలో మధ్యలో ఉండాల్సిన ఆటగాడు కృష్ణస్వామిని కాస్త వెనక్కి లాగి ఆడించాడు. అతన్ని పట్టుకోవడానికి అవతలి డిఫెండర్ ముందుకొస్తే వెనక ఖాళీ. ఆ ఖాళీలోకి నెవిల్ డిసౌజా దూరేవాడు. ఆస్ట్రేలియా మీద డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. నాలుగోది కృష్ణస్వామిది. 4-2. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కి చేరిన మొదటి ఆసియా దేశం ఇండియా. ఈ ఓటమి ఆస్ట్రేలియావాళ్లకి మింగుడు పడక క్రీడలయ్యాక సిడ్నీలో మళ్లీ ఆడదాం రమ్మన్నారు. అక్కడ 7-1తో ఓడారు.

సెమీఫైనల్ డిసెంబర్ 4న. ఎదురుగా ఎవరనుకుంటున్నారు? అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కింద పది గోల్స్ కొట్టిన దేశం. మొదటి సగం 0-0. రెండో సగం మొదట్లో డిసౌజా గోల్ కొట్టాడు. కాసేపైనా 1-0తో ముందున్నది మన జట్టే. తర్వాత యుగోస్లావియా వరసగా గోల్స్ కొట్టి 4-1తో గెలిచింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో ఓడించింది. నాలుగో స్థానం.

నాలుగో స్థానానికి పతకం లేదు. కానీ 10-1 నుంచి 4-1కి వచ్చిన దారి చూడండి. నాలుగేళ్లలో మన రక్తం మారలేదు, ఎత్తు మారలేదు, తిండి పెద్దగా మారలేదు. మారింది మూడే: బూట్లు, సాధన, ఆట చదివిన గురువు. "వీళ్లకి పుట్టుకతో వస్తుంది" అనేవాళ్లకీ, "వీళ్లకి పుట్టుకతోనే రాదు" అనేవాళ్లకీ ఇద్దరికీ ఈ రెండు స్కోర్లే జవాబు.

రోమ్, ఆ తర్వాత జకార్తా

1958 టోక్యో ఆసియా క్రీడలకి రహీం కోచ్ కాదు. అక్కడా నాలుగో స్థానమే. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి మళ్లీ రహీం. ఈసారి గట్టి గ్రూపు. హంగరీతో 2-1తో ఓడాం, మన గోల్ బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1, గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. 1948లో చివర్లో మనల్ని ఓడించిన దేశమే ఇది. పెరూతో 3-1తో ఓడాం, గోల్ మళ్లీ బలరామ్‌దే. సైకిల్ అద్దె పిల్లోడు ఒక ఒలింపిక్స్‌లో రెండు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా మన మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి పోలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇక్కడ ఆట కంటే ముందు రాజకీయం. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లని రానివ్వలేదు. దాన్ని మన దేశం తరఫు క్రీడా ప్రముఖుడు జీడీ సోంధీ బహిరంగంగా తప్పుపట్టాడు. దాంతో జకార్తా జనానికి ఇండియా అంటేనే కోపం. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు మైదానంలోకి దిగితే స్టేడియం మొత్తం గోల.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయిలాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో గెలిచారు. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లున్న తలతో వెనక నిలబెడితే ప్రమాదం, బయట కూర్చోబెడితే జట్టుకి నష్టం. రహీం అతన్ని ముందుకి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిస్తే అందులో రెండు గోల్స్ కెప్టెన్ చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్‌ది.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియా. దాదాపు లక్ష మంది జనం, అందరూ మనకి ఎదురు. ఆ గోలలో మనకోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లని మన ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. రహీంకి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ముందు రోజు రాత్రి ఆటగాళ్లని కూర్చోబెట్టుకుని, నాకు ఒక కానుక కావాలి, రేపు స్వర్ణం గెలవండి అనే మాట అడిగాడని వాళ్లే చెప్పారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో కుట్ల తలతో జర్నైల్ సింగ్. కొరియా ఆఖర్లో ఒకటి కొట్టింది. 2-1. గోల్‌లో నిలబడ్డది తంగరాజ్. బలరామ్, యూసుఫ్ ఖాన్ లాంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు.

1963 జూన్ 11న రహీం చనిపోయాడు. స్వర్ణం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. బలరామ్ కూడా అనారోగ్యంతో ఆ ఏడే, 27 ఏళ్లకే ఆట మానేశాడు. 1970 బ్యాంకాక్‌లో హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్‌కి అదే ఆఖరి పతకం. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 2024లో అజయ్ దేవగన్ రహీం పాత్ర వేసిన 'మైదాన్' సినిమా వచ్చాకే చానామంది ఆ పేరు విన్నారు.

మరి ఎందుకు పడిపోయింది?

రహీం పోయాడు కాబట్టి పోయింది అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అది సగమే నిజం. ఒక మనిషి పోతే పోయే పని అయితే, అది ఆ మనిషి జేబులోంచి నడిచిన పని అన్నమాట. రూపాయి ఆయన జేబులోది. ఎడమ కాలి పోటీలు ఆయన బుర్రలోవి. వాటిని దేశం తన పద్ధతిగా రాసి పెట్టుకోలేదు, ఇంకో పదిమంది రహీంలని తయారు చేసుకోలేదు. బయట దేశాలవాళ్లు 90 నిమిషాల ఆటకి శరీరాలు తయారు చేసుకుంటుంటే మన దగ్గర చాలాకాలం 70 నిమిషాల మ్యాచ్‌లే ఆడించారు. జపాన్, కొరియా మన చేతిలో ఓడి ఇంటికెళ్లి పద్ధతులు కట్టుకున్నాయి. మనం గెలిచి ఇంటికొచ్చి కథలు చెప్పుకున్నాం.

మన హాస్టళ్లలో కూడా చూడండి. ఒక మంచి వార్డెన్ సార్ వచ్చిన రెండేళ్లు పిల్లోళ్లు జోన్ దాకా, స్టేట్ దాకా పోతారు. ఆ సార్‌కి బదిలీ అయితే వాలీబాల్ నెట్టు స్టోర్ రూమ్‌లో ఎలకలకి. మంచి మనిషి దొరకడం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుంటే ఒక తరమే బాగుపడుతుంది. హక్కుగా ఉండాల్సింది హక్కుగానే అడగాలి.

అందుకే మేం చెప్పదలచుకున్నది మూడు ముక్కల్లో చెప్తాం.

ఒకటి. ఒట్టి కాళ్లని పొగిడేవాళ్లని చూస్తే జాగ్రత్త. తాలిమెరెన్ ఆవో ఒట్టి కాళ్లతో ఆడింది నిజం, గొప్పగా ఆడింది నిజం. కానీ ఆ గొప్ప ఆయనది, బూట్లు లేకపోవడానిది కాదు. మన పిల్లోడు పరుగులో ఫస్ట్ వస్తే ఫొటో తీసి "చెప్పుల్లేకుండా గెలిచాడు" అని పెట్టే బదులు, వాడికి సైజు ఎంతో కనుక్కుని బూట్లు కొనిపెట్టేవాళ్లు కావాలి.

రెండు. మీ హాస్టల్లో, మీ ఆశ్రమ పాఠశాలలో ఆట సామానుకి ఏటా ఎంత వస్తుందో, దేనికి ఖర్చయిందో మర్యాదగా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. ఆ కాగితం ఎట్లా రాయాలో తెలియని తమ్ముళ్లు కింద కామెంట్ పెట్టండి, మేం రాసిస్తాం.

మూడు. మీ ఊళ్లో, మీ తండాలో, మీ గూడెంలో, మీ సంగంలో ఒకప్పుడు బాగా ఆడిన మామలు, బాబాయిలు, అత్తలు, పిన్నమ్మలు ఉంటారు. ఏ సంవత్సరం, ఎక్కడ ఆడారు, ఎందుకు ఆపేశారు, అడిగి రాసిపెట్టండి. ఎందుకు ఆపేశారన్నది తప్పకుండా అడగండి. ఆ జవాబుల్లో చానావాటికి సైకిల్ అద్దెంత డబ్బే కారణమని తేలుతుంది.

చివరగా ఒక్క సంగతి. లండన్ నుంచి వచ్చాక తాలిమెరెన్ ఆవో ఆటలో పేరు చూసుకుంటూ కలకత్తాలోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. ఎంబీబీఎస్ పూర్తి చేసి తన కొండలకి తిరిగిపోయాడు. కోహిమా ఆస్పత్రిలో డాక్టరుగా చేరి, నాగాలాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖకి డైరెక్టర్ అయ్యి, 1978లో రిటైరయ్యాడు. 1998లో చనిపోయాడు. దేశం జెండా మోసిన చేతులతోనే తన వాళ్లకి నాడి చూశాడు. మనలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన వాళ్లందరికీ ఆయన పేరు తెలియాలి. ఈ పోస్టు చదివిన వాళ్లు మీ జూనియర్లకి ఒక్కరికైనా ఆ పేరు చెప్పండి.